నిలువుగా ఊగిన తల

కిటికీ పక్క సీటు మా ఆవిడ నాకు వదిలేసింది. ఎడమ చెయ్యి కిటికీకి ఆనించుకున్నాను, కుడి చెయ్యి ఎలాగూ నా మాట వినదు, దాన్ని ఆవిడే తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, పక్కింటివాళ్ళ పసిపిల్లను ఎత్తుకున్నట్టు. ఇన్నేళ్ళూ ఇదే బస్సులో కండక్టరుగా నిలబడి తిరిగినవాణ్ణి, కూర్చుని చూస్తే ఊరు ఇలా ఉంటుందని ఇప్పుడే తెలుస్తోంది. నిలబడ్డవాడికి ఈ కిటికీల్లోంచి రోడ్డూ చక్రాలూ చెప్పులూ తప్ప ఏమీ కనిపించవు. కూర్చుంటే కొట్ల బోర్డులూ, మేడల మీద ఆరేసిన దుప్పట్లూ, వాటి వెనక ఆకాశమూ కనిపిస్తున్నాయి, ఇంత ఆకాశం మా లైనులో ఉందని ఎవరూ చెప్పలేదే అనుకుంటున్నాను, అనుకుంటూనే అసలు సంగతి మర్చిపోతున్నాను. మేం వెళ్తున్నది ఆఖరి స్టాపుకు. అక్కడ సెంటరు ఉంది, తలకు దెబ్బ తగిలినవాళ్ళను ఉంచుకునే చోటు. నన్ను అక్కడ చేర్చి ఈవిడ ఒక్కతే ఇంటికి వెళ్తుంది. సూట్‌కేసులో నా చొక్కాలున్నాయి, ఒకటీ అరా కాదు, అన్నీ. అక్కడ చేరినవాళ్ళలో మళ్ళీ ఇంటికి వెళ్ళినవాళ్ళను నేను చూడలేదు. ఎవరినీ అనడానికి లేదు, ఇక్కడే ఉండిపోతారా అని సెంటరువాళ్ళు అడిగితే అవునని తలూపింది నేనే. నేను కాదు, తల. నేను లోపల వద్దు మొర్రో అంటుంటే అది దర్జాగా పైకీ కిందికీ ఊగింది. ఈ ఒక్క ముక్క ఆవిడకు చెప్పాలి, ఆఖరి స్టాపు వచ్చేలోగా చెప్పాలి, చెప్పడానికి నా నోట్లో మిగిలింది ఒకే ఒక్క మాట, అదీ పనికిరాని మాట.

ఆ మాట టికెట్. నవ్వొస్తే నవ్వండి, వార్డులో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆకలేస్తే టికెట్, దాహమేస్తే టికెట్, దిండు సర్దమంటే టికెట్, నర్సు సూది రెండోసారి గుచ్చితే కూడా టికెట్, కాకపోతే కాస్త గట్టిగా. ఇందాక బస్సెక్కగానే కొత్త కండక్టరు, వేరే డిపో నుంచి వచ్చిన నడివయసు ఆడమనిషి, ఈల మెడలో వేసుకుని వచ్చి "ఎక్కడికి సార్?" అంది. టికెట్ అన్నాను. "టికెట్టే సార్, ఎక్కడికి?" అంది. మళ్ళీ టికెట్ అన్నాను. ఆవిడ మా ఆవిడ వైపు చూసింది, మా ఆవిడ ఆఖరి స్టాపుకి రెండు అని చెప్పి అవతలికి తిరిగిపోయింది. అద్దంలోంచి డ్రైవరు ఇదంతా చూస్తూనే ఉన్నాడు, చుట్టరికం ఏమీ లేకపోయినా నేను బావా అంటాను, అతనూ బావా అంటాడు, అంతకాలం ఒకే బండి మీద చేశాం. ఎక్కేటప్పుడు దిగి వచ్చి నా భుజం పట్టుకున్నాడు, "ఎలా ఉన్నావు బావా" అని అడగబోయి సగంలో మింగేశాడు. లోపల మాటల్లేవా అంటే బోలెడున్నాయి, ఇదిగో ఇప్పుడు గడగడా నడుస్తున్నవన్నీ మాటలే కదా, ముందుకు జరగండి బాబూ జరగండి అని అరిచినా జరగనంత రద్దీ. అన్నీ తోసుకుంటూ తలుపు దాకా వస్తాయి. దిగేవాడు మాత్రం ఎప్పుడూ ఆ టికెట్‌గాడొక్కడే.

గడియారాల కొట్టు మలుపు వచ్చింది, ఎండ ముందు సీట్ల మీంచి పాక్కుంటూ వెనక్కి వచ్చి ఆవిడ మెడ మీద ఆగింది. ఈ మలుపులో ఎండ ఎప్పుడూ ఇంతే. పెళ్ళికి ముందు కూడా ఆ మెడ మీదే ఆగేది. కళ్ళద్దాల కొట్టులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని తనది, పని అయ్యాక ఈ బస్సే ఎక్కేది, ఎక్కిన మరుక్షణం నిద్రపోయేది, నోరు కాస్త తెరుచుకుని, వేళ్ళ సందుల్లో తెల్లటి అద్దం పొడితో. లేమ్మా, మీ స్టాపు అని లేపడం నా డ్యూటీలో కలిసిపోయింది. మనసులో నిద్రమొహం అని పేరు పెట్టుకున్నాను. ఒకరోజు ఎందుకో నోరు జారి ఏమోయ్ అనేశాను. ఒక కన్ను తెరిచి, "ఏమోయ్ ఏమిటి, మనకు పెళ్ళయిందా?" అంది. అవలేదు, చేసుకుందామా అన్నాను. బస్సంతా విన్నది. అప్పట్లో నా నోటికి అంత దూకుడు, నేను ఆలోచించకముందే మాట దిగి రోడ్డు దాటేసేది, ఇంకా దేవుడి దయ వల్ల అప్పుడు తల నా వైపే ఉండేది. ఇప్పుడు ఆవిడ నా భుజం మీద తల వాల్చింది. నిద్రపోయినట్టే ఉంది. కళ్ళ కింద నల్లగా చారలు. రాత్రుళ్ళు నన్ను లేపి బాత్రూముకు నడిపించేది ఈవిడే, పొద్దున కొట్టుకు వెళ్ళి పరాయివాళ్ళ కళ్ళకు అద్దాలు బిగించేదీ ఈవిడే.

దెబ్బ ఎలా తగిలిందంటే నాకు తెలియదు. ఆ రోజు నా దగ్గర లేదు. ఫుట్‌బోర్డు మీంచి వెనక్కి పడ్డానని చెప్పారు, ఒక ముసలావిడ క్షేమంగా దిగిందా లేదా అని బయటికి వంగానట, ఆవిడ దిగింది, నేనూ దిగాను. తర్వాత కొన్నాళ్ళు అంతా పొగమంచు. వార్డే బస్సని అనుకున్నాను. మంచాలన్నీ సీట్లు, కిటికీలో చెట్లు వెనక్కి పోతున్నాయి, నిజంగా పోతున్నాయి, సెలైన్ సీసాల కడ్డీలు పట్టుకుని జనం నిలబడ్డారు, తెల్లబట్టల్లో ఒకావిడ టికెట్టు లేకుండా అటూ ఇటూ తిరుగుతోంది, నేను అడుగుతున్నాను, అడుగుతూనే ఉన్నాను, ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి పడుకోండి అంటోంది. ఎంత హాయిగా ఉండేదో ఆ బస్సు. ఎక్కడా ఆగేది కాదు. మా ఆవిడ మాత్రం ఎప్పుడూ ఒకే సీట్లో, నా కాళ్ళ దగ్గర, నిద్రపోకుండా కూర్చునేది, ఈ నిద్రమొహం నిద్రపోవడం లేదేమిటి, ఏదో జరిగింది అని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది అప్పుడే.

సెంటరులో మాట నేర్పే అమ్మాయిని అందరం మాటల టీచరు అంటాం. ఆ అమ్మాయే మా ఆవిడకు పెన్సిలుతో తల బొమ్మ గీసి చూపించింది. ఎడమ పక్క నిమ్మకాయంత చోటు నలిగిపోయిందట, మాటను బయటికి పంపే చోటు అదేనట, అర్థం చేసుకునే చోటు వేరేనట, అది చాలావరకు బాగానే ఉండొచ్చట. ఉండొచ్చు అంది. ఆ ఉండొచ్చు దగ్గరే మా ఆవిడ ఆగిపోయింది. ఇంకోటి కూడా చెప్పింది, ఇలాంటివాళ్ళకు అవునూ కాదూ తారుమారు కావచ్చు, ఊపిన తలను వెంటనే నమ్మకండి, పరీక్షించి చూడండి అని. ఆవిడ పరీక్షించింది. ఇంటికి వచ్చాక గ్లాసు పట్టుకుని వచ్చి కాఫీ తాగుతారా అంది. తల ఊగింది. తాగాను. మర్నాడు మళ్ళీ అడిగింది. ఊగింది. తాగాను. తల బాగానే ఉందని తేల్చేసుకుంది. పిచ్చిదానా, కాఫీ వద్దన్న రోజు నా జీవితంలో ఉందా? వద్దనేది ఏదైనా పెట్టి చూడాలి గానీ. ఆ తర్వాత సెంటరు పెద్దావిడ గదిలో ఆ ప్రశ్న వచ్చింది, ఇక్కడే ఉండిపోతారా అని, అందరూ నా వైపు చూశారు, ఊగింది. మా ఆవిడ మొహం వాడిపోయింది. వాడిపోయిన ఆ మొహంలోనే ఒక మూల చిన్న ఊరట కూడా కనిపించింది, నేను చూశాను, చూసినందుకు నా మీదే నాకు కోపం వచ్చింది.

రైలు గేటు పడింది. బస్సు ఆగింది, ఇంజను ఆపేశాడు బావ. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమో. ముందు సీట్లో ఎవరిదో సంచిలో కాగితం కరకరలాడుతోంది. పట్టాల మీద ఎండ మెరుస్తోంది, రైలు ఇంకా రాలేదు, వస్తున్న చప్పుడు మాత్రం నేలలోంచి సీటులోకి, సీటులోంచి వీపులోకి వస్తోంది. మొన్న మధ్యాహ్నం కూడా ఇలాంటి నిశ్శబ్దమే. నేను హాల్లో కుర్చీలో ఉన్నాను, ఆవిడ వంటింట్లో గట్టు మీద ఫోను పెట్టుకుని వాళ్ళ అక్కతో మాట్లాడుతోంది. తలుపు వెయ్యలేదు, ఎందుకు వేస్తుంది, కుర్చీ ముందు ఎవరైనా తలుపు వేస్తారా? "నాకు చేతకావడం లేదక్కా" అంది. గట్టు మీద గిన్నెలు సర్దింది. తర్వాత అంది, "ఆ రోజే పోయుంటే బాగుండేదేమో అనిపిస్తోందే. ఆయనకీ బాగుండేది, నాకూ బాగుండేది." ఆ వెంటనే ఏడుపు, ఆ వెంటనే కుళాయి తిప్పిన చప్పుడు. నాకు కోపం రాలేదంటే నమ్మరు. బాధేసింది, చాలా బాధేసింది. కానీ ఆ మాట నేనూ అనుకున్నదే, నర్సు నా పళ్ళు తోముతుంటే అనుకున్నాను, చొక్కా గుండీ పెట్టుకోలేక గంటసేపు కుస్తీ పట్టినప్పుడు అనుకున్నాను. అయితే ఆవిడ నోట విన్నాక విచిత్రంగా ఆ కోరిక నాలోంచి పోయింది. నాకు బతకాలనుంది. ఇంట్లో బతకాలనుంది, ఆవిడ తిట్లు తింటూ, ఆవిడ అద్దాల పొడి తుడుస్తూ, ఈ పనికిరాని చేత్తో ఏదో ఒకటి నేర్చుకుంటూ. ఈవిడకు భారమే, తెలుసు. భారమైనా సరే నాకు ఆ ఇల్లే కావాలి. ఇంతకంటే సిగ్గులేని కోరిక ఉండదేమో, ఉన్నా నాకనవసరం.

వద్దు. రెండే అక్షరాలు. పై పళ్ళు కింది పెదవికి తగిలించాలి, గాలి వదలాలి, తర్వాత నాలుక. మాటల టీచరు అద్దం ముందు కూర్చోబెట్టి ఎన్నిసార్లు చూపించింది. వ. వ. పెదవి వచ్చింది. రైలు వస్తోంది. వ... ఆవిడ కదిలి కళ్ళు తెరిచింది.

"ఏమండీ? ఏం కావాలి?"

"టికెట్."

"తీసుకున్నాం కదండీ." నా కాలరు సర్దింది. రైలు దడదడా పోతుంటే నా చెవి దగ్గరికి వంగి అడిగింది, "మీకు ఇష్టమేగా? అక్కడ మీకు బాగుంటుందనేగా?"

ఒంట్లో ఉన్న బలమంతా మెడలోకి తెచ్చుకున్నాను. అడ్డంగా, అడ్డంగా తిరగవే తల్లీ. అది నిలువుగా ఊగింది, ఒకసారి కాదు, గంగిరెద్దులా వరసపెట్టి. ఇక లాభం లేదని ఎడమ చేత్తో గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వైపు తిప్పాను, మళ్ళీ ఆవిడ వైపు తిప్పాను, మళ్ళీ కిటికీ వైపు. "మెడ పట్టేసిందా?" అని ఆవిడ నా మెడ వెనక వేళ్ళు పెట్టి నెమ్మదిగా రుద్దింది. ఎంత హాయిగా ఉందంటే ఏడుపొచ్చింది. గేటు లేచింది.

వంతెన, రంగుల ఫ్యాక్టరీ గోడ, ఆడపిల్లల బడి, ఒక్కొక్కటీ వస్తున్నాయి, పోతున్నాయి. దిగేవాళ్ళు దిగుతున్నారు. బస్సు ఖాళీ అవుతున్న కొద్దీ రేకులు మోత పెడుతున్నాయి, ఖాళీ సీట్లలో ఎండ కూర్చుంటోంది, నాకు నిద్ర ముంచుకొస్తోంది, ఈ దెబ్బ తర్వాత నిద్ర ఇలాగే చెప్పాపెట్టకుండా వస్తుంది, వార్డు బస్సు మళ్ళీ కదులుతోంది, ఎక్కడా ఆగదు, తెల్లబట్టలావిడ నుదుటి మీద చెయ్యి వేస్తోంది, కాదు, అది మా ఆవిడ చెయ్యి, "లేవండి, వచ్చేశాం" అంటోంది.

ఆకుపచ్చ గేటు. దాని వెనక వరండా. వరండాలో చక్రాల కుర్చీలన్నీ రోడ్డు వైపే తిప్పి ఉన్నాయి. బస్సులో మేమిద్దరమే మిగిలాం. కండక్టరు దిగి టైం కీపరు కిటికీ దగ్గర నిలబడింది. బావ ఇంజను ఆపలేదు, మా వైపు తిరిగి చూడలేక కాబోలు, తువ్వాలుతో అదేపనిగా మెడ తుడుచుకుంటున్నాడు. ఆవిడ సూట్‌కేసు ఎత్తి సీటు మీద పెట్టింది. "లేవండి మరి," అంది. నేను లేవలేదు. లేవకూడదని కూడా అనుకోలేదు, ఏమీ అనుకోలేదు. ఎడమ చెయ్యి కిటికీ కిందికి జారి, నన్నొక మాటైనా అడక్కుండా, బస్సు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. దబ్, దబ్.

గేరు పడింది. బస్సు కదిలింది. ఆవిడ సూట్‌కేసుతో సహా సీట్లో కూలబడింది. వెనక నుంచి ఈల, ఈల వెనకే కేక, "ఆపవయ్యా! నేను కింద ఉన్నాను! ఆపు!" కండక్టరు పరిగెత్తుకొస్తోంది. చెయ్యి ఈసారి ఒక్క దెబ్బ వేసింది. దబ్. బస్సు ఠక్కున ఆగింది. మా లైనులో గంట తాడు ఎప్పుడో తెగిపోయింది, ఎవరూ బాగుచెయ్యలేదు, ఒక దెబ్బ వేస్తే ఆపమని, రెండు వేస్తే పోనిమ్మని, అంతే మా భాష. బావ చెవులకు ఆ చప్పుడు వినిపిస్తే చాలు, కాలు దానంతటదే వెళ్తుంది. అతను సీట్లోంచి లేచి, మొహమంతా చెమటతో వెనక్కి తిరిగాడు.

"బావా! నువ్వేనా కొట్టింది?"

రెండు దెబ్బలు వేశాను. కూర్చుని ఉంటే మళ్ళీ పోనిచ్చేవాడే. "చంపేస్తావు బావా, ఊరుకో!" అని నవ్వుతూ తువ్వాలు కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు.

ఆవిడ మాత్రం నవ్వలేదు. నా ఎడమ చేతినే చూస్తోంది. కొట్టులో కొత్త అద్దం బిగించాక తిప్పి తిప్పి చూస్తుందే, అలా. "మీరు డ్రైవరా?" అంది. ఒకటి. "కండక్టరా?" రెండు. "నేను మీ అక్కనా?" ఒకటి, ఎంత వేగంగా వేశానో, రొప్పుతూ ఎక్కొచ్చిన కండక్టరు పక్కున నవ్వింది. ఆవిడ గొంతు సవరించుకుంది. "ఇక్కడ ఉండిపోతారా?" తల ఊగుతూనే ఉంది, ఊగనీ, చెయ్యి ఒక్క దెబ్బ వేసింది. "ఇంటికి వస్తారా?" దబ్, దబ్. "మరి ఆ రోజు పెద్దావిడ గదిలో..." అని మధ్యలోనే ఆగి, నుదురు కొట్టుకుని, "నా కాఫీ బాగుంటుందా?" అంది. కాసేపు ఆలోచించి ఒకటి వేశాను. "రోజూ తాగుతారుగా!" అంది. టికెట్ అన్నాను. అప్పుడు నవ్వింది, నవ్వు ఎక్కడ ఏడుపైందో తెలియలేదు, సూట్‌కేసు మీద తల పెట్టుకుని భుజాలు ఎగిసిపడేలా ఏడ్చింది. కండక్టరు ఆవిడ వీపు నిమిరి, "ఇంటికే కదక్కా? ఇంటికైతే మళ్ళీ టికెట్ తీసుకోవాలి" అంది.

బస్సు వెనక్కి తిరిగింది. ఎండ ఇటువైపు నుంచి వస్తోంది ఇప్పుడు, బడి, ఫ్యాక్టరీ గోడ, వంతెన, అన్నీ తిరగేసి వస్తున్నాయి. రేకు మీద కొడితే బావ బ్రేకు వేస్తాడని ఆవిడ తన అరచెయ్యి చాచింది, దీని మీద కొట్టండి అంది. స్క్రూడ్రైవరు పోట్లూ గాజు గీతలూ ఉన్న అరచెయ్యి. ఆకలేస్తోందా, ఎండ తగులుతోందా, మెడ నిజంగానే పట్టేసిందా, ఒకటీ రెండూ, ఒకటీ రెండూ, ఇద్దరం చిన్నపిల్లల్లా ఆడుకున్నాం. "మనకు సాయానికి ఎవరినైనా పెట్టుకోవాలి, నా ఒక్కదాని వల్ల కాదు, సరేనా?" రెండు. "అయితే మేం మాట్లాడేవన్నీ మీకు అర్థమవుతాయా?" రెండు, గొప్పగా, వెనకా ముందూ చూసుకోకుండా.

ఆవిడ చెయ్యి అలాగే ఉండిపోయింది. మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా దిగిపోయింది. గేటు దాటాం, పట్టాల మీద బస్సు కుదిపింది, అప్పుడు నా వైపు చూడకుండా, ముందు సీటు కడ్డీని చూస్తూ అడిగింది.

"మొన్న మధ్యాహ్నం... వంటింట్లో అక్కతో ఫోన్లో... విన్నారా?"

ఆ మాట నా చెవిలోనే ఉంది. కుళాయి చప్పుడు కూడా అక్కడే ఉంది. లేదు, నేనేమీ వినలేదు, నిద్రపోతున్నాను, లేదు లేదు అని లోపల మాటలన్నీ తోసుకున్నాయి, అవి తోసుకున్న కొద్దీ తల నిలువుగా ఊగింది, అవును, అవును, అవునని. కాఫీ సంగతి తప్పిస్తే, దెబ్బ తగిలాక మొదటిసారి అది నిజం చెప్తోంది. నేను దాన్ని పట్టించుకోకుండా ఆవిడ అరచేతిలో ఒక్క దెబ్బ వేశాను, గట్టిగా, తేటగా, ఎవరో దిగాలి ఆపమని కొట్టినట్టు.

ఆవిడ నా తలను చూసింది. చేతిని చూసింది. ఎప్పటి నుంచి బిగబట్టిందో, ఊపిరి వదిలింది. తర్వాత రెండు చేతులతో నా చెంపలు పట్టుకుని ఆ ఊగేదాన్ని ఆపి, "వెధవ తల," అంది, "దీన్ని ఇంక జన్మలో నమ్మను."